పిల్లల సంరక్షణ గృహాల్లో సమూహ వాతావరణం, అనుబంధాలు

ఇంట్లో ఉండే వీలు లేక సంరక్షణ గృహానికి వచ్చిన పిల్లలు అక్కడి పెద్దలతోనూ, తమలో తామూ ఎలా మసలుతున్నారు, భయంతోనా భరోసాతోనా అన్నదాన్ని సమూహ వాతావరణం అంటారు. భోజనాల దగ్గర ముందు ఎవరి కంచం నిండుతుంది, రాత్రి లైట్లు ఆర్పాక గదిలో ఎవరి మాట చెల్లుతుంది, ఏడుపొచ్చిన పిల్లవాడు ఎవరి దగ్గరికి వెళ్తాడు, తప్పు చేస్తే ఏం జరుగుతుందో ముందే తెలుసా లేక ఆ పూట వార్డెన్ మూడ్‌ను బట్టి ఉంటుందా అన్నవన్నీ ఇందులోకే వస్తాయి. భవనం, బడ్జెట్, సిబ్బంది సంఖ్య రిజిస్టర్లలో కనిపిస్తాయి. ఇది కనిపించదు. అందుకే దీన్ని కొలతలతో పరిశీలించడం మొదలై ఇంకా వందేళ్ళు కాలేదు. దీన్ని గమనించి, మార్చడానికి జీవితాలు ధారపోసినవాళ్ళు మాత్రం అంతకు చాలా ముందే ఉన్నారు.

తొలి ప్రయత్నాలు

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సైన్యం స్విట్జర్లాండ్‌లోని నిడ్‌వాల్డెన్ ప్రాంతం మీద పడి ఊళ్ళు తగలబెట్టింది. అనాథలైన పిల్లల కోసం ష్టాన్స్ పట్టణంలో ఒక కాన్వెంటు భవనంలో 1799 జనవరిలో శరణాలయం తెరిచి, దాన్ని స్విస్ విద్యావేత్త యొహాన్ హైన్రిక్ పెస్టలోజీ చేతిలో పెట్టారు. ఎనభై మంది దాకా పిల్లలు, సాయానికి ఇంటిపని చూసే మనిషి ఒకరు. ఒళ్ళంతా గజ్జితో, ఎవరినీ నమ్మని చూపుతో వచ్చిన ఆ పిల్లల మధ్యే ఆయన తిన్నాడు, వాళ్ళ మధ్యే పడుకున్నాడు. ముందు నమ్మకం కుదరాలి, నీతిబోధ, చదువు ఆ తర్వాతే అన్నది ఆయన పద్ధతి. సైనికాసుపత్రి కోసం జూన్‌లో ఆ భవనాన్ని తీసేసుకోవడంతో శరణాలయం ఆర్నెల్లు తిరక్కుండానే మూతపడింది. అయినా ష్టాన్స్ గురించి ఆయన రాసిన లేఖను ఈ రంగంలోని వాళ్ళు నేటికీ చదువుతున్నారు.

1833లో హాంబుర్గ్ శివార్లలో యొహాన్ హిన్రిక్ విషెర్న్ 'రౌహెస్ హౌస్' ప్రారంభించాడు. పిల్లలందరినీ ఒకే పెద్ద హాల్లో కుక్కే అలవాటు మాని, పన్నెండు మందికొక చిన్న ఇల్లు, ఆ ఇంటి పిల్లలను చూసుకోవడానికి 'సోదరుడు' అని పిలిచే పెద్ద ఒకరు అనే ఏర్పాటు చేశాడు. ఫ్రాన్సులో 1840లో మొదలైన మెత్రే కాలనీ కూడా తన విభాగాలను కుటుంబాలనే పిలిచింది. కానీ అక్కడ ఒక్కో కుటుంబంలో నలభై మంది దాకా ఉండేవారు. కవాతు, బాకా పిలుపులు, ఒంటరి గదులు ఆ కుటుంబ జీవితంలో భాగాలు. ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో శిక్షల చరిత్ర రాస్తూ ఆధునిక క్రమశిక్షణకు పరాకాష్ఠగా చూపింది ఈ మెత్రేనే. కుటుంబమని పేరు పెట్టినంత మాత్రాన ఇంటి వాతావరణం రాదని చెప్పడానికి ఈ రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

వార్సాలో పిల్లల కోర్టు

ఈ చరిత్రలో అందరికంటే ఎక్కువగా చెప్పుకోవలసిన మనిషి యానుష్ కోర్చాక్. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. పిల్లల వైద్యుడు, రచయిత. 1912లో వార్సా నగరంలోని క్రోహ్‌మాల్నా వీధిలో యూదు అనాథల కోసం కట్టిన 'దోమ్ షెరోత్' నిర్వహణ చేపట్టాడు. రోజువారీ భారమంతా స్తెఫానియా విల్చిన్స్కా మోసింది. కోర్చాక్ పేరు మోగినంతగా ఆమె పేరు వినిపించకపోవడం అన్యాయమే. పిల్లల పళ్ళ నుంచి పరుపుల దాకా అన్నీ ఆమె కంటి కిందే నడిచాయి.

కొత్త భవనంలో మొదటి ఏడాది నరకంలా గడిచింది. పెద్దలు పెట్టిన ప్రతి నియమాన్నీ పిల్లలు కలిసికట్టుగా ఎదిరించారు. ఆజ్ఞలతో పని జరగదని కోర్చాక్‌కు అప్పుడే అర్థమైంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చినవే నోటీసు బోర్డు, ఉత్తరాల పెట్టె, గోడ పత్రిక, పని వంతులు, కొత్తగా వచ్చినవాడికి పాతవాళ్ళలో ఒక సంరక్షకుడు, చివరికి పిల్లల పార్లమెంటు. ఒక్కో పిల్లవాడి గురించి తోటివాళ్ళు ఓటేసేవారు. ఇష్టమైతే ప్లస్, కాకపోతే మైనస్, ఎటూ కాకపోతే సున్నా. ఆ ఓట్లను బట్టి ఇంట్లో అతని హోదా నిర్ణయమయ్యేది. తోటివాళ్ళు తన గురించి ఏమనుకుంటున్నారో ఇలా అంకెల్లో చూపించడం పసివాళ్ళకు ఎంత బాధ కలిగించి ఉంటుందో అన్న సందేహం ఇవాళ చదివేవారికి కలగడం సహజం. అయితే అలాంటి అభిప్రాయం ఎలాగూ అక్కడ ఉండేదే. గుసగుసల్లో నలిగేదాన్ని ఆయన వెలుగులోకి తెచ్చి, మార్చుకునే దారి కూడా చూపాడు.

అన్నిటిలోకీ ప్రసిద్ధమైనది పిల్లల కోర్టు. ఎవరైనా ఎవరి మీదైనా ఫిర్యాదు రాయవచ్చు. ఆ వారం తమ మీద కేసు లేని పిల్లల్లోంచి చీటీ వేసి న్యాయమూర్తులను ఎంచేవారు. నియమావళిలో మొదటి 99 అధికరణలూ క్షమకో, విడుదలకో సంబంధించినవే. నూరో అధికరణ దగ్గర మాత్రమే, అతను ఆ పని చేసిన మాట నిజమేనని కోర్టు నమోదు చేసేది. అక్కడి నుంచి వందల చొప్పున తీవ్రత పెరిగి, వెయ్యో అధికరణకు గృహం నుంచి పంపించేయడం దాకా వెళ్ళేది. పెద్దలూ ఈ కోర్టుకు అతీతులు కారు. కోర్చాక్ ఆరు నెలల్లో ఐదుసార్లు తన మీద తానే కేసు పెట్టుకున్నాడు. ఒక కుర్రాడి చెవి మెలిపెట్టినందుకు ఒకసారి, ఒక అమ్మాయి దొంగతనం చేసిందని అనుమానించినందుకు ఇంకోసారి, న్యాయమూర్తిని అవమానించినందుకు మరోసారి. ఈ కోర్టు ఎప్పుడూ సాఫీగా నడిచిందనుకుంటే పొరపాటు. పిల్లలు దాన్ని వేళాకోళం చేసే స్థితి వచ్చినప్పుడు నాలుగు వారాలపాటు ఆపేసి, మార్పులు చేసి మళ్ళీ తెరిచారు.

1942 జులై 18న, నాజీలు యూదులను నిర్బంధించిన వార్సా ఘెట్టోలో ఆకలితో, జబ్బులతో ఉన్న ఆ పిల్లలు రవీంద్రనాథ్ ఠాగూర్ 'డాక్ ఘర్' నాటకం ఆడారు. ఆగస్టు మొదటి వారంలో నాజీలు దాదాపు రెండు వందల మంది పిల్లలనూ, కోర్చాక్‌నూ, విల్చిన్స్కానూ, మిగతా సిబ్బందినీ త్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించి చంపేశారు. తప్పించుకునే అవకాశాలు వచ్చినా కోర్చాక్ పిల్లలను వదల్లేదు. ఆయన మరణం గురించి ప్రపంచమంతా చెప్పుకుంటుంది. అంతకు ముందు ముప్పై ఏళ్ళు ఆయన నడిపిన ఇల్లు కూడా అంతే శ్రద్ధగా చదవదగినది. బాలల హక్కుల ఒప్పందాన్ని 1978లో ఐక్యరాజ్యసమితి ముందు ప్రతిపాదించింది పోలండే. దాని వెనుక కోర్చాక్ ప్రభావం ఉందని ఆ దేశస్థులు గర్వంగా చెప్పుకుంటారు.

కోర్చాక్ వార్సాలో పనిచేస్తున్న కాలంలోనే ఇంగ్లండులోని డోర్సెట్‌లో హోమర్ లేన్ 'లిటిల్ కామన్వెల్త్' (1913-18) పేరుతో నేరాలు చేసిన పిల్లల స్వపరిపాలనను ప్రయత్నించాడు. ఉక్రెయిన్‌లోని పోల్తావా దగ్గర 1920 నుంచి అంతోన్ మకరెంకో, తాను నడిపిన పిల్లల కాలనీలో తాత్కాలిక దళాలు కడుతూ ఇవాళ నాయకుడైనవాడు రేపు అనుచరుడయ్యేలా చూశాడు. ఒకే పిల్లవాడి చేతిలో పెత్తనం గడ్డకట్టకుండా ఉండేందుకు కనిపెట్టిన ఉపాయాల్లో ఇది చాలా తెలివైనది.

కత్తి పట్టిన కుర్రాడు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన 1918లో ఆస్ట్రియాలోని ఒబెర్‌హోలాబ్రున్‌లో, శరణార్థుల శిబిరంగా వాడిన బారకుల్లో ఆగస్ట్ ఐక్‌హార్న్ కుర్రాళ్ళ గృహం పెట్టాడు. ఏ గుంపులోనూ ఇమడని, చీటికీమాటికీ కొట్టుకునే పన్నెండు మందిని ఒకచోట చేర్చి, తిరిగి కొట్టవద్దని, సహనంగా ఉండమని సిబ్బందికి చెప్పాడు. కుర్రాళ్ళు కిటికీలు, తలుపులు, బల్లలు విరగ్గొట్టారు. బల్ల దగ్గర కూర్చోకుండా తలో మూలకీ చేరి తిన్నారు. ఒకరోజు ఒకడు ఐక్‌హార్న్ కళ్ళెదుటే కత్తి తీసి ఇంకొకడిని పొడుస్తానని బెదిరించాడు. ఆయన కదలకుండా, పట్టించుకోనట్టు నిలబడ్డాడు. కుర్రాడు కత్తిని నేలకేసి కొట్టి, కాళ్ళు నేలకు తాటించి, గుక్కపెట్టి ఏడ్చి, అలసి నిద్రపోయాడు. కోపం ఆగిపోయి దుఃఖం బయటపడ్డాక ఆ గుంపులో అనుబంధాలు మొదలయ్యాయని ఆయన రాశాడు. ఈ అనుభవాలతో 1925లో వెలువడిన పుస్తకానికి సిగ్మండ్ ఫ్రాయిడ్ ముందుమాట రాశాడు. అయితే ఐక్‌హార్న్‌ది ఎవరైనా అనుకరించదగిన పద్ధతి కాదు. అంత ఓర్పు, పిల్లలను అంతగా చదవగలిగిన మనసు ఉన్న పెద్దలు లేనిచోట ఇలా వదిలేస్తే బలహీనులైన పిల్లలే బలవుతారు.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగమ్ నడిపిన హాంప్‌స్టెడ్ శిశు గృహాల్లో మరో ముఖ్యమైన సంగతి బయటపడింది. పెద్ద గుంపులో అందరికీ అందరూ చేసే పద్ధతి మాని, కొద్దిమంది పిల్లలకు ఒక నర్సును కేటాయించారు. అప్పటిదాకా బుద్ధిగా కనిపించిన పసివాళ్ళు ఒక్కసారిగా అసూయతో పోట్లాడుకున్నారు, నర్సు గది దాటితే బెంగపడ్డారు. పైకి ఇది వెనకడుగులా కనిపించినా, తమదనుకునే మనిషి దొరికిందన్న గుర్తు అదే. ఆ తర్వాత మాటలు, అలవాట్లు త్వరగా వచ్చాయి. పిల్లవాడు గొడవ చేయడం లేదంటే బాగున్నాడనే లెక్క ఎంత తప్పో ఇక్కడ తేలింది.

ప్రయోగశాల నుంచి కుటీరానికి

వాతావరణమన్న భావనను శాస్త్ర పరిభాషలోకి తెచ్చినవాడు హిట్లర్ పాలన వచ్చాక జర్మనీ విడిచి అమెరికా చేరిన కర్ట్ లెవిన్. అయోవాలో రోనల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి పదేళ్ళ అబ్బాయిల క్లబ్బులతో ఆయన చేసిన ప్రయోగాలు 1939లో అచ్చయ్యాయి. ఒక్కో క్లబ్బులో ఐదుగురు. నాయకుడు ఒకచోట నియంతలా, ఒకచోట ప్రజాస్వామికంగా, ఇంకోచోట ఏమీ పట్టనట్టు వ్యవహరించాడు. నియంత గది దాటి వెళ్ళగానే పని ఆగిపోయేది. కొన్ని క్లబ్బుల్లో అందరూ కలిసి ఒక్కడినే బలిపశువును చేశారు. అదే పిల్లలు నాయకుడి తీరు మారితే మారారు. గొడవకు మూలం ఫలానా పిల్లవాడి స్వభావమేనన్న నమ్మకానికి దీంతో గట్టి దెబ్బ తగిలింది.

ఐక్‌హార్న్ దగ్గర శిక్షణ పొందిన ఫ్రిట్స్ రెడ్ల్ 1946లో డెట్రాయిట్‌లో డేవిడ్ వైన్‌మన్‌తో కలిసి 'పయనీర్ హౌస్' తెరిచాడు. కొద్దిమందే కుర్రాళ్ళు, చుట్టూ పట్టణం. వారానికో గంట కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టడం కాదు, గొడవ జరిగిన నిమిషంలో, జరిగిన చోటే పిల్లవాడితో మాట్లాడటమే చికిత్స అన్నది రెడ్ల్ పద్ధతి. డబ్బు చాలక ఆ ఇల్లు రెండేళ్ళలోపే మూతపడింది. పిల్లలు అక్కడ పొందిన నిలకడ ఆ మూతతో చెదిరిందని వాళ్ళిద్దరూ దాచకుండా రాశారు. నిధుల కోతను ఆఫీసు లెక్కగా మాత్రమే చూసేవారు ఆ పుటలు చదవాలి.

1962లో హోవర్డ్ పోల్‌స్కీ రాసిన 'కాటేజ్ సిక్స్' మరో మలుపు. న్యూయార్క్ రాష్ట్రంలోని హాథార్న్ సీడర్ నోల్స్ సంస్థలో అన్నిటికంటే మొండిదని పేరున్న కుటీరంలో ఆయన ఎనిమిది నెలలు కుర్రాళ్ళతో గడిపాడు. అక్కడ ఆయనకు ఒక దొంతర కనిపించింది: పైన రౌడీలు, తర్వాత మాటకారులు, మధ్యలో నోరు మెదపనివాళ్ళు, అడుగున అందరి దెబ్బలూ తినేవాళ్ళు. కుటీరం ప్రశాంతంగా ఉండటం కోసం సిబ్బంది ఈ దొంతరతో రాజీపడి, పై మెట్టు మీదున్నవాడి చేతనే అందరినీ అదుపు చేయించేవారు. సంస్థలో నిపుణులు, మానసిక చికిత్స అన్నీ ఉన్నా కుటీరంలో రాత్రి రాజ్యం వేరే. 1970లలో హారీ వొరాత్, లారీ బ్రెంట్రో ఈ తోటివాళ్ళ బలాన్నే మంచికి మళ్ళించే పద్ధతిని ప్రతిపాదించారు. మరోవైపు తప్పుదారిలో ఉన్న పిల్లలను ఒకచోట చేరిస్తే ఒకరినొకరు చెడగొట్టుకునే ప్రమాదముందని థామస్ డిషియన్ బృందం 1999లో హెచ్చరించింది.

కొలతలు, కమిషన్లు, చట్టాలు

స్టాన్‌ఫర్డ్‌లో రూడాల్ఫ్ మూస్ 1970లలో ఆసుపత్రులు, కరెక్షనల్ సంస్థల్లో వాతావరణాన్ని కొలిచే ప్రశ్నావళులు రూపొందించాడు. అనుబంధం, వ్యక్తి ఎదుగుదల, వ్యవస్థ నడిచే తీరు అన్న మూడు కోణాల్లో అవి సమాధానాలు రాబట్టేవి. నెదర్లాండ్స్‌లో పీర్ వాన్ డెర్ హెల్మ్, గేర్ట్ యాన్ స్టామ్స్ తదితరులు బాల నేరస్థుల సంస్థల కోసం తయారుచేసిన ప్రశ్నావళి 2011 ప్రాంతంలో వచ్చింది. సిబ్బంది ఆసరా, ఎదిగే అవకాశం, పిల్లల మధ్య మెలిగే వాతావరణం, అణచివేత అన్న నాలుగింటి గురించీ జవాబివ్వాల్సింది పిల్లలే. సిబ్బంది భయపడితే తాళాలు, ఆంక్షలు పెరుగుతాయి. వాటికి పిల్లలు ఎదురు తిరుగుతారు, దాంతో సిబ్బంది భయం ఇంకా పెరుగుతుంది. ఈ విషవలయాన్ని ఆ పరిశోధనలు స్పష్టంగా చూపాయి. 1945 నుంచి తమ బాలసంరక్షణ వ్యవస్థలో జరిగిన హింసపై డచ్ ప్రభుత్వం వేసిన డె వింటర్ కమిషన్ 2019లో నివేదిక ఇచ్చింది. పిల్లలకు తగిన రక్షణ దొరకలేదని తేల్చింది. మూసిన గదుల్లో ఉంచే సంరక్షణను 2030 నాటికి వీలైనంత సున్నాకు తేవాలని ఆ దేశం లక్ష్యంగా పెట్టుకుంది.

మన దేశంలో ఈ రంగానికి చెందిన తొలి చట్టాల్లో ఒకటి 1920 నాటి మద్రాసు బాలల చట్టం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలు దాని పరిధిలోకే వచ్చాయి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోని పరిశీలక గృహాలు, బాలసదనాలు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద నడుస్తున్నాయి. 2016 నమూనా నియమాల ప్రకారం ప్రతి సంస్థలోనూ 6-10, 11-15, 16-18 వయసుల వారికి విడివిడిగా బాలల కమిటీలు ఉండాలి. రోజువారీ పట్టిక, భోజనం, గోడపత్రిక, తోటివాళ్ళు గానీ సిబ్బంది గానీ చేసే వేధింపులపై ఫిర్యాదు, అన్నీ ఆ కమిటీల పనుల్లోకే వస్తాయి. సూచనల పెట్టెను కమిటీ పిల్లల ఎదుట వారం వారం తెరవాలి. పప్పు నీళ్ళలా ఉందని రాసిన చీటీకి ఆ వారమే జవాబొస్తే, గదిలో తనను కొడుతున్నవాడి పేరు రాసే ధైర్యం పిల్లవాడికి తర్వాతైనా వస్తుంది. జవాబు రాకపోతే రెండో చీటీ రాదు. సూపరింటెండెంట్లకు, హౌస్ మదర్లకు ఇచ్చే శిక్షణలో చట్టం సెక్షన్ల కంటే ముందు చెప్పవలసింది ఇదే. పద్దెనిమిదేళ్ళు నిండి బయటికి వెళ్ళే యువతకు 21 ఏళ్ళ దాకా అనంతర సంరక్షణ, ఆర్థిక సాయం అందించే వీలు కూడా ఈ చట్టంలోనే ఉంది.