ఆనందం లెక్కలో లేనివారు

ప్రజల ఆనందమే పాలనకు గమ్యమన్న నినాదాన్ని చరిత్రలో నిలబెట్టి చూడాలి. స్థూల జాతీయోత్పత్తి కంటే స్థూల జాతీయ ఆనందమే ముఖ్యమని 1970లలో భూటాన్ రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ అన్నాడు. 2008 రాజ్యాంగం దాన్ని రాజ్యం కర్తవ్యం చేసింది. లాభమే కొలమానమైన లోకంలో ఆ ఆలోచన విలువను నేను కాదనను.

అయితే అదే రాజు ఏలుబడిలో, 1988 జనాభా లెక్కల్లో, 1958 నాటి నివాసానికి రుజువు చూపలేని దక్షిణాది నేపాలీ భాషీయులు విదేశీయులయ్యారు. 1989లో బడుల్లో నేపాలీ బోధన ఆగింది. 1990ల తొలి ఏళ్లలో సుమారు లక్షమంది నేపాల్‌లోని శరణార్థి శిబిరాలకు చేరారు.

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. ఇంటిభాష బడికి దూరమైతే పిల్లవాడు ఎలా మూగబోతాడో ఎరుగుదును. తరువాత 33 సూచికలతో ఆనందాన్ని కొలిచినప్పుడు వీరు ఆ దేశంలో లేరు. లెక్క మొదలుకాకముందే ఎవరిని కొట్టివేశారో అడగడం రచయితల పని.