సిజేరియన్ తరువాత తొలి గుక్క

సిజేరియన్ అయిన బాలింతకు నీళ్లు, పలుచని ద్రవాలు ఎప్పుడు ఇవ్వాలన్న విషయంలో వైద్యుల మాట కొన్ని దశాబ్దాల్లోనే పూర్తిగా మారిపోయింది. ఒకప్పుడు "గ్యాస్ పోయిందా?" అని అడిగి, పోయిందంటేనే గుక్కెడు నీళ్లు ఇచ్చేవారు. అందాకా తడి దూదితో పెదాలు అద్దడమే. ఒంటికి కావలసిన నీరంతా సెలైన్ సీసా నుంచే.

ఈ కట్టడికి మొదటి కారణం పేగుల భయం. పొట్ట కోసిన తరువాత పేగుల కదలిక మందగిస్తుంది, అప్పుడు తాగిస్తే కడుపు ఉబ్బి వాంతులవుతాయని భావించేవారు. కానీ సిజేరియన్‌లో కోతా కుట్లూ పొట్ట గోడకూ గర్భాశయానికీ తప్ప పేగులకు కాదు. పైగా చిన్నపేగు కొద్ది గంటల్లోనే తేరుకుంటుంది. రెండు మూడు రోజులు పట్టేది పెద్దపేగుకు. గ్యాస్ పోవడం ఆ పెద్దపేగు చెప్పే కబురు. దానికోసం ఆగడమంటే ఇంట్లో అందరికంటే ఆలస్యంగా లేచేవాడు లేస్తేగానీ పొయ్యి వెలిగించకపోవడమే.

రెండో భయం మత్తు గురించి. 1946లో న్యూయార్క్ వైద్యుడు కర్టిస్ మెండెల్సన్ 44,016 కాన్పులను పరిశీలించి, మత్తులో ఉన్న 66 మందికి కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందని రాశాడు. అప్పటినుంచి కాన్పుకు ముందు కడుపు ఖాళీగా ఉంచడం నియమమైంది. అయితే ఆ హెచ్చరిక స్పృహలేని మనిషి గురించి. వెన్నుకు మత్తు ఇచ్చే పద్ధతి వాడుకలోకి వచ్చాక తల్లి మెలకువగానే బిడ్డ ఏడుపు వింటోంది, ఏది నోట్లో పోసినా మింగగలుగుతోంది.

ఒకే విషయంపై జరిగిన పరిశోధనలను కలిపి చూసే కోక్రేన్ సమీక్ష ఒకటి 2002లో వెలువడి, చిక్కులు లేని సిజేరియన్ తరువాత ద్రవాలు ఆపి ఉంచడానికి ఆధారం లేదని తేల్చింది. త్వరగా తాగినవారికి వాంతులు పెరగలేదు, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గాయి. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2004లో, ఆకలీ దాహమూ వేసినప్పుడు తల్లిని తిననివ్వండి, తాగనివ్వండి అంది. ఆపరేషన్ తరువాత త్వరగా కోలుకునే పద్ధతులపై పనిచేసే ఇరాస్ సొసైటీ ఇంకా ముందుకెళ్లి, 2 గంటల్లోపే మామూలు ఆహారం మొదలుపెట్టవచ్చని 2019లో సిఫారసు చేసింది.

తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అయినా నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. చీము పట్టేది సూక్ష్మక్రిములు చేరితే, నీళ్లు తాగితే కాదు. ఆ మాట నమ్మి ఏ బాలింతా దాహంతో అల్లాడకూడదు.

రక్తస్రావం ఆగనివారికి, పేగుకు గాయమైనవారికి, పూర్తి మత్తు ఇంకా దిగనివారికి, తీవ్రమైన బీపీ ఉన్నవారికి లెక్క వేరు, అది డాక్టరే చెప్పాలి. మిగతావారికి తలవైపు మంచం కాస్త ఎత్తి, ముందు రెండు మూడు గుక్కల గోరువెచ్చని నీళ్లు పడతారు. కాసేపు చూసి కొబ్బరినీళ్లో, పలుచని జావో ఇస్తారు. వాంతి రాకపోతే ఇడ్లీ పెడతారు.