పది బైకులు, ఒక రెక్టిఫైయర్: జాన్ బ్రిటెన్ కథ

మన రోడ్ల మీద తిరిగే క్లాసిక్ 350 తెలుసు కదా? బరువు 195 కిలోలు, పవర్ 20 హార్స్‌పవర్. ఇప్పుడు 138 కిలోల బరువుతో 166 హార్స్‌పవర్ ఇచ్చే బండిని ఊహించుకోండి. అది కూడా ముప్పై ఏళ్ల కిందట! దాన్ని చేసింది హోండానో డుకాటీనో కాదు, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఒక చిన్న టీమ్. బండి పేరు బ్రిటెన్ వి1000.

దాని వెనకున్న మనిషి జాన్ బ్రిటెన్, 1950లో పుట్టాడు. డిస్లెక్సియా వల్ల చదవడం, రాయడం కష్టం. అయినా రాత్రి క్లాసులకు వెళ్లి మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాడు. కొన్నాళ్లు గాజు దీపాలు చేసి అమ్మాడు కూడా. రేసింగ్ పిచ్చి మాత్రం పోలేదు.

అసలు విషయం డిజైన్‌లో ఉంది. మన బైకుల్లో ముందు ఒక ఫ్రేమ్ ఉంటుంది, ఇంజన్‌ని దానికి బిగిస్తారు. బ్రిటెన్ ఆ ఫ్రేమే తీసేశాడు! 999 సీసీ వి-ట్విన్ ఇంజనే బండికి వెన్నెముక. ముందు చక్రం, వెనక చక్రం బరువంతా దాని మీదే. రేడియేటర్ సీటు కింద పెట్టాడు కాబట్టి ముందు భాగం సన్నగా, గాలిని చీల్చుకుంటూ పోతుంది. చక్రాలు కూడా కార్బన్ ఫైబరే, అవీ సొంతంగా చేసుకున్నవే. ఇంజన్ భాగాలను భార్య కుండలు కాల్చుకునే బట్టీలో పెట్టి గట్టిపరిచాడని చెబుతారు. బాడీ ఆకారం ఎలా వచ్చిందో తెలుసా? తీగలు వంచి, వేడి జిగురుతో అతికించి చూసుకున్నాడు. మేం స్క్రీన్ మీద గీసేది ఆయన చేత్తో వంచాడు.

1992, అమెరికాలోని డేటోనా. రేసుకు ముందు సిలిండర్ లైనర్‌లో పగులు కనిపించింది. రాత్రంతా కూర్చుని వెల్డింగ్ చేశారు. మర్నాడు ఆండ్రూ స్ట్రౌడ్ ఆ బండి మీద పాస్కల్ పికాట్ నడుపుతున్న డుకాటీతో హోరాహోరీగా తలపడ్డాడు. గెలుపు కళ్ల ముందే ఉంది. ఇంతలో బండి ఆగిపోయింది. వెల్డింగ్ చేసిన లైనర్ వల్ల కాదు, రెక్టిఫైయర్ పోయింది! కరెంటును ఏసీ నుంచి డీసీకి మార్చే చిన్న భాగం అది. ప్రొడక్షన్‌లో ఒక చిన్న సెట్టింగ్ వల్ల సర్వర్ మొత్తం పడిపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు వాళ్ల ముఖాలు ఊహించగలను.

కంపెనీ మొదలైంది కూడా అదే సంవత్సరం. ప్రొటోటైప్ పక్కన పెడితే, కొనేవాళ్ల కోసం చేసినవి మొత్తం 10 బైకులే. ఒక్కొక్కటీ చేత్తో కట్టిందే. 1993లో వెయ్యి సీసీ విభాగంలో గంటకు 302 కిలోమీటర్లు దాటి రికార్డు పెట్టారు. 1994లో డేటోనా కూడా గెలిచారు. అదే ఏడాది ఐల్ ఆఫ్ మ్యాన్ ప్రాక్టీస్‌లో మార్క్ ఫార్మర్ అనే రైడర్ బ్రిటెన్ నడుపుతూ చనిపోయాడు. ఇది వదిలేసి చెబితే కథ అందంగా ఉంటుంది గానీ, నిజాయితీగా ఉండదు.

1995 సెప్టెంబర్‌లో చర్మ క్యాన్సర్‌తో బ్రిటెన్ పోయాడు. వయసు 45. మిగిలిన బైకులను టీమే పూర్తి చేసింది. నీలం గులాబీ రంగుల బ్రిటెన్ వి1000 ఒకటి ఇప్పుడు వెల్లింగ్టన్‌లోని టె పాపా మ్యూజియం సేకరణలో ఉంది.