దుగరాజపట్నం – మరుగున పడిన ఆంగ్లేయుల రేవు

1620 నాటి ప్లిమత్ వలస కథ మా అమెరికా బడిపిల్లలకు కంఠోపాఠం. సాయంత్రపు తరగతుల్లో తెలుగు దిద్దుకొన్న మాకు మాత్రం, అదే కాలంలో ఆంగ్లేయులు నెల్లూరు సీమలో కాలూనిన పల్లె సంగతి చాలాకాలం తెలియలేదు.

ఆ పల్లె శ్రీహరికోటకు ఉత్తరాన సముద్రపుటొడ్డున ఉన్న దుగరాజపట్నం. బందరులో గోల్కొండ అధికారుల బెడద పడలేక 1626లో కుంఫిణీవారు ఇక్కడ వర్తకస్థానం పెట్టుకొన్నారు. 1628 నాటికి పన్నెండు ఫిరంగులు నిలిపారు. తోడ్పడిన ఆరుముగ మొదలియారు పేరే వారి నోట ‘ఆర్మగాం’ అయిందంటారు. అయితే బట్టల బేరం ఆశించినంత సాగలేదు. ఇక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుని వలన మద్రాసు నేల పొందాడు. మరుసటి ఏడు మకాం అక్కడికి మారింది.

మద్రాసు చరిత్రను 1639తోనే మొదలుపెట్టడం మాకు సమ్మతం కాదు. ఆ తీరంలోని దీపస్తంభాన్ని ఓడలవారు ఈనాటికీ ఆర్మగాం పేరుతోనే గుర్తిస్తారు.