ఊ కొట్టేవాడు మ్యూట్‌లో ఉంటే



మన గైబీ నగర్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒక మాట వచ్చింది. కూనపులి వాళ్లను ఊరి నుంచి పిలిపిస్తే రైలు ఖర్చు, భోజనాలు, బస అన్నీ మన మీదే పడతాయి, వాళ్లు అక్కడే ఫోన్ ముందు కథ చెబితే మనం ఇక్కడ పెద్ద తెర మీద చూసుకుందాం, కరోనాలో అందరూ అట్లనే చేశారు కదా అని. కానీ ఎవరు చేశారు, ఎవరికి కుదిరింది, ఎవరికి కుదరలేదు? అది చూడకుండా ముందుకు పోవద్దని ఈ పోస్టు పెడుతున్నాను. కొంచెం పొడుగే, షిఫ్టు దిగినంక తీరిగ్గా చదవండి.

రాసిపెట్టుకున్న మాటలు లేకుండా, ఎదుటివాళ్లు అందించిన దాన్ని పట్టుకొని అక్కడికక్కడే నాటకం అల్లడాన్ని అమెరికాలో ఇంప్రూవ్ అంటారు. షికాగోలో 1959లో మొదలైన సెకండ్ సిటీ దానికి పేరు తెచ్చింది. ప్రేక్షకులను ఒక మాట అడుగుతారు, దాని మీద ఆట కడతారు. 2020 మార్చిలో హాళ్లు మూతపడ్డాక వాళ్లు జూమ్ మీదికి వచ్చారు. న్యూయార్క్‌లో అప్‌రైట్ సిటిజెన్స్ బ్రిగేడ్ అనే ఇంకో పేరున్న బృందం అదే ఏప్రిల్‌లో అక్కడి తన హాళ్లను మళ్లీ తెరవకుండానే మూసేసింది. తెర మీద ఆడేవాళ్లకు పెద్ద కష్టం నవ్వు దగ్గర వస్తుంది. చూసేవాళ్లంతా మ్యూట్‌లో ఉంటే మాట తగిలిందో లేదో ఎట్లా తెలుస్తుంది? తెలియకపోతే తర్వాతి మాట ఎటు తిప్పాలి?

మన దగ్గర ఈ విద్యకు పేరు ఆశువు. అందులో జూమ్ మీదికి చక్కగా ఎక్కింది అవధానం. తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి, గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాల దాకా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు. నిషిద్ధాక్షరి వాడు అక్షరం అక్షరానికీ అడ్డం పడతాడు. అప్రస్తుత ప్రసంగం చేసేవాడి పని మధ్యలో దూరి పనికిరాని ప్రశ్నలు వేయడం. ఇన్ని అడ్డంకులున్నా ఒక కట్టుబాటు ఉంది. ప్రతి ఒక్కరికీ వంతు ఉంటుంది, ఒకరు అడుగుతుంటే మిగతావాళ్లు ఆగుతారు. జూమ్ కోరేది కూడా అదే. కరోనా నుంచి అంతర్జాలంలో జరిగిన అవధానాల్లో ఒక పృచ్ఛకుడు హైదరాబాదులో, ఇంకొకరు అమెరికాలో కూర్చొని అడగగలిగారు. ఇబ్బంది ఎక్కడంటే గంటల దగ్గర. అవధాని పద్యం చెబుతూనే ఎన్ని గంటలు మోగాయో లెక్క పెట్టుకోవాలి. జూమ్ ఏమో మనిషి గొంతును ఉంచి మిగతాదాన్ని రొదగా లెక్కగట్టి తగ్గిస్తుంది. సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' పెట్టకపోతే గంటను మింగేసినా మింగేస్తుంది. ఇక అప్రస్తుతం వాడు అన్‌మ్యూట్ చేసుకునే లోపల చమత్కారం చల్లారిపోతుంది.

బుర్రకథ సంగతి వేరు. అక్కడ వంతు లేదు, వంత ఉంది. నడుమ కథకుడు, అటొకరు ఇటొకరు వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు ఆనాటి రాజకీయం కలుపుతారు. కథ పాతదే కావచ్చు, వంతల మాట మాత్రం ఆ రోజుది, ఆ ఊరిది. షేక్ నాజర్ (1920–1997) ఈ విద్యలో ఎంతటివాడో వేరే చెప్పాలా? 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన అల్లూరి సీతారామరాజు కథ ఉంది. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఎన్నిసార్లు చూసినా అదే మాట, అదే నవ్వు. ముందు వరుసలో కూర్చున్న సర్పంచిని చూసి వంత వేసే ఛలోక్తి అందులో ఉండదు. తెరకు ఎక్కితే ఏం మిగులుతుందో ఏం పోతుందో కరోనాకు 66 ఏళ్ల ముందే ఈ సినిమాలో కనిపించింది.

మన కూనపులి వాళ్ల పటం కథ దీనికి దగ్గరిది. చేర్యాల నకాషీలు గీసిన పొడుగాటి పటం, అందులో మార్కండేయుడు, భావనా ఋషి, ఆయన పులి, తామర తూళ్ల నుంచి నూలు తీసే బొమ్మలు. మనవాళ్లకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే బొమ్మలు పడుగు, మాటలు పేక. పడుగు ఎప్పుడూ అదే. పేక మాత్రం ఏ ఊళ్లో, ఎవరి వాకిట్లో, ఎవరు కూర్చున్నారో చూసుకొని వేస్తారు. ఇంటిపేరు అడిగి కథలోకి లాగుతారు. కథను గట్టి చోట ఆపి, ఇచ్చేవాళ్ల చెయ్యి కదిలినంక ముందుకు పోతారు. కథకుడి మాట ముగియక ముందే వంత అందుకోవాలి. కలిసి పాడేవాళ్ల మధ్య చప్పుడు సెకనులో 30వ వంతు కంటే ఆలస్యమైతే తాళం జారడం మొదలవుతుంది. వీడియో కాల్‌లో ఆలస్యం అంతకంటే ఎక్కువే. పైగా ఇద్దరు ఒక్కసారి నోరు తెరిస్తే అది ఒకరి గొంతునే పైకి తెస్తుంది. ఎవరింట్లో వాళ్లు కూర్చొని అవధానం చేయవచ్చు గానీ పటం కథ చెప్పడం కుదరదు.

ఇంకో సంగతి. కూనపులి వాళ్లకు ప్రేక్షకులు దూరం కావడం కరోనాతో మొదలు కాలేదు. వాళ్ల మిరాశి ఊళ్ల లెక్కన ఉంటుంది, ఫలానా ఊళ్ల పద్మశాలీలు ఫలానా కుటుంబానికి అని. మనవాళ్లు కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి భివండికి వచ్చి సాంచెల మీద నిలబడ్డారు. 1982 జనవరి 18న మొదలైన ముంబై మిల్లుల సమ్మె తర్వాత ఇక్కడ సాంచెలు మరీ పెరిగాయి. మనం వచ్చాం, మిరాశి అక్కడే ఉండిపోయింది. వాళ్లు ఊరికి పోతే తాళం వేసిన ఇళ్లు. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించినంక ఇక్కడ సాంచెలు ఆగాయి, అక్కడ ఆ ఉన్న నాలుగు వాకిళ్లు కూడా మూసుకున్నాయి. మన బాకీ అప్పటిది కాదు, అంతకు చాలా ముందుది.

అందుకే నా మాట, పిలిపిద్దాం. ఫ్లెక్సీలకు, డీజేకు పెట్టే డబ్బులో కొంత తగ్గించినా రైలు టికెట్లు వస్తాయి. తప్పనిసరై తెర మీదనే అంటే బృందమంతా ఒక్క గదిలో, ఒక్క పటం ముందు ఉండాలి. ఒరిజినల్ సౌండ్ పెట్టాలి. డబ్బు ముందే పంపాలి, కథ అయినంక చూద్దాం అనొద్దు. మన వైపు కూడా ఇట్లాంటి కథలు విని పెరిగిన పెద్దమనిషి ఒకరిని మైకు దగ్గర కూర్చోబెట్టి ఊ కొట్టించాలి, ఆయన్ని మ్యూట్ చేయొద్దు. సాంచెల చప్పుడు వినపడని గది దొరకడం మన దగ్గర కష్టమే, శుక్రవారం కరెంటు పోయే వేళ చూసుకుంటే కుదురుతుందేమో!

రెండింటికీ ఖర్చు లెక్క వేసి వచ్చే సమావేశానికి తెస్తాను. ఈలోపల మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒకటి అడగండి. మీ ఊరికి కథ చెప్పడానికి వచ్చిన కూనపులి వాళ్లు ఏ ఊరివాళ్లు, ఆఖరిసారి ఎప్పుడు వచ్చారు? ఊరి పేరు, జ్ఞాపకం ఉంటే ఏడాది, కింద రాయండి.