గాజులో వెలుగు ఎవరిది?

1830ల నాటి బొహీమియా. ఇప్పటి చెక్ దేశపు ఉత్తరాన, యిజెరా కొండల అడవుల్లో రీడెల్ కుటుంబం గాజు కొలుములు నడిపేది. కరిగిన గాజులో కొద్దిగా యురేనియం లవణం కలిపితే నిమ్మపండు ఛాయ వచ్చింది. పాళ్లు మారిస్తే ఆకుపచ్చ తేలింది. ఇంటి ఆడకూతురు అన్నా పేరు కలిపి ఒకదానికి ‘అన్నాగెల్బ్’, రెండోదానికి ‘అన్నాగ్రూన్’ అని పేర్లు పెట్టి అమ్మారు. ఎండ తగిలితే ఆ పసుపు గాజు అంచుల్లో వింత ఆకుపచ్చ మెరుపు కదిలేది. కొన్నవాళ్లకు అదో ముచ్చట. ఎందుకు మెరుస్తోందో కొన్నవాళ్లకే కాదు, పోత పోసినవాళ్లకూ తెలియదు.

కేంబ్రిడ్జిలో జార్జ్ స్టోక్స్ 1852లో ఆ సంగతి పట్టుకున్నాడు. సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, క్వినైన్ ద్రావణాన్ని ఒక్కొక్క రంగులోంచి జరుపుతూ పోయాడు. మలేరియాకు మింగే ఆ చేదు మందే! ఊదా రంగు దాటి, కంటికేమీ కనిపించని చీకటి భాగంలోకి చేరగానే ద్రావణం నీలంగా వెలిగింది. ఆయన పరీక్షించిన వస్తువుల్లో యురేనియం గాజు కూడా ఉంది. అది కూడా కనిపించని కిరణాలను మింగి, కనిపించే వెలుగును బయటికి వదిలింది. వదిలే కాంతి తరంగదైర్ఘ్యం మింగినదానికంటే ఎక్కువగా ఉంటుందని ఆయన తేల్చిన నియమం నేటికీ ఆయన పేరుతోనే ఉంది.

పాత వస్తువులు అమ్మే దుకాణాల్లో ఈ గాజు ఇప్పటికీ దొరుకుతుంది. అది రేడియోధార్మికత వల్లే మెరుస్తుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. కాదు. పూర్తి చీకటి గదిలో పెడితే అది మెరవదు. అతినీలలోహిత టార్చి వేస్తేనే వెలుగుతుంది. యురేనియం పరమాణువు రెండు ఆక్సిజన్ల మధ్య చిక్కుకుని యురేనైల్ అయాన్‌గా గాజులో ఉంటుంది. అతినీలలోహిత కిరణం తగలగానే దానిలోని ఎలక్ట్రాన్ పై మెట్టెక్కుతుంది. కొంత శక్తిని చుట్టూ ఉన్న గాజుకు వేడిగా ఇచ్చేసి, మిగిలినదాన్ని ఆకుపచ్చ కాంతిగా విడిచి కిందికి దిగుతుంది. పరమాణు కేంద్రకానికి ఇందులో పాత్రే లేదు.

మెరుపునూ రేడియోధార్మికతనూ కలిపేసి చూడటం మామూలువాళ్లకే పరిమితం కాలేదు. పారిస్‌లో హెన్రీ బెకరెల్ 1896లో సరిగ్గా ఆ చిక్కులోనే పడ్డాడు. ఎండ తగిలి మెరిసే యురేనియం లవణం ఆ మెరుపుతోపాటు ఎక్స్ కిరణాలనూ వదులుతుందేమోనని ఆయన అనుమానం. ఫిబ్రవరి ఆఖరులో మబ్బులు కమ్మడంతో, నల్ల కాగితం చుట్టిన ఫొటో పలకనూ లవణాన్నీ సొరుగులో పెట్టేశాడు. మార్చి 1న పలకను కడిగి చూస్తే, ఎండ లేకపోయినా ముద్ర గట్టిగానే పడి ఉంది. మెరుపు వేరు, రేడియోధార్మికత వేరని ఆ మబ్బులే తేల్చాయి.

క్యూరీ దంపతులకు రేడియం దొరికిన ముడిసరుకు కూడా ఈ గాజు కథలోదే. బొహీమియాలోని యాఖిమోవ్ గనుల ఖనిజంలోంచి గాజుకు రంగునిచ్చే యురేనియం లవణాలు తీసుకున్నాక మిగిలిన పిప్పినే వాళ్లు పారిస్‌కు తెప్పించుకున్నారు. రేడియం పుట్టినిల్లు రంగు గాజుల పరిశ్రమ చెత్తకుప్ప అన్నమాట!

గాజు వెలుగు కథలో తర్వాతి మలుపు అమెరికాలో. 1960 మేలో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించింది కెంపుతో, అంటే క్రోమియం కలిసిన స్ఫటికంతో. స్ఫటికంలో పరమాణువులు వరుస తప్పవు. గాజులో వరుసే లేదు. అందుకే అందులోని అయాన్లు తలా ఒక రంగులో వెలిగి లేజర్‌ను చెడగొడతాయని అప్పట్లో సందేహం. కళ్లద్దాల తయారీకి పేరుపడ్డ అమెరికన్ ఆప్టికల్ కంపెనీలో పనిచేసే ఎలియాస్ స్నిట్జర్ గాజును వదల్లేదు. 1961లో నియోడిమియం అనే అరుదైన మృత్తిక లోహం కలిపిన గాజుతో లేజర్ సాధించాడు. నియోడిమియంలో కాంతినిచ్చే ఎలక్ట్రాన్లు లోపలి కక్ష్యలో ఉంటాయి, వాటికి పై కక్ష్యలు అడ్డుగోడలు. నడింట్లో కూర్చున్నవాడికి వీధి గోల అంతగా వినపడనట్టు, గాజులోని గందరగోళం వాటిని పెద్దగా కదిలించదు.

ఆ కొద్దిపాటి గందరగోళం కూడా తర్వాత ఎర్బియం అనే అలాంటి మరో లోహం విషయంలో వరమైంది. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి అతి తక్కువగా నష్టపోయేది 1,550 నానోమీటర్ల దగ్గర. ఎర్బియం అయాన్ వెలుగు విడిచేదీ అక్కడే. ఎవరూ ఏర్పాటు చేయని ఈ పొంతనను 1987లో సౌతాంప్టన్‌లో డేవిడ్ పేన్ బృందం, బెల్ ల్యాబ్స్‌లో ఇమాన్యుయెల్ డెజుర్వీర్ బృందం ఉపయోగంలోకి తెచ్చాయి. అంతకుముందు సముద్రపు కేబుళ్లలో నీరసించిన కాంతిని విద్యుత్తుగా మార్చి, బలమిచ్చి, మళ్లీ కాంతిగా పంపేవారు. ఎర్బియం కలిపిన కొద్ది మీటర్ల గాజు పోగు కాంతికి కాంతిగానే బలమిచ్చి ఆ తతంగమంతా తీసేసింది. పైగా గాజులో ఒక్కో అయాన్ పరిసరం కాస్త వేరు కావడంతో దాని వెలుగు ఒక్క గీతగా కాక పట్టీలా విస్తరిస్తుంది. ఆ పట్టీలో పదుల కొద్దీ సందేశ మార్గాలు ఒకేసారి పడతాయి. 1961లో లోపం అనుకున్న గుణం మీదే నేటి ఇంటర్నెట్ నడుస్తోంది.

మన తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్ర విభాగం కూడా ఇలాంటి అరుదైన మృత్తిక లోహాలు కలిపిన గాజుల వెలుగుపై దశాబ్దాలుగా పరిశోధిస్తోంది. 

ఫైబర్‌లో కాంతి నష్టాన్ని తగ్గించవచ్చని చూపిన చార్లెస్ కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కాంతిని సముద్రాలు దాటించిన ఎర్బియం యాంప్లిఫయర్‌కు 2008లో ఫిన్లాండ్ మిలీనియం టెక్నాలజీ బహుమతి తుది జాబితాలో చోటు దక్కిందిగానీ నోబెల్ రాలేదు. నా మటుకు నాకు అది నోబెల్ కమిటీ చేసిన అన్యాయమే.