ఆటిజంలో మెదడు అనుసంధానం: పసిపిల్లలను వదిలేసిన సిద్ధాంతం

ఆటిజం ఉన్నవారి మెదడులో దూరంగా ఉన్న ప్రాంతాల మధ్య అనుసంధానం బలహీనమనీ, పక్కపక్కనే ఉన్నవాటి మధ్య అది మరీ ఎక్కువనీ చాలా పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి. ఈ సూత్రానికి పునాది వేసిన పరిశోధనల్లో పసిపిల్లలు లేరు. ఆటిజం లక్షణాలు తలెత్తేది మాత్రం ఆ వయసులోనే. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కావలసింది వేలితో చూపించకపోవడం, ఒకే ఆటను పదేపదే ఆడడం మూడేళ్లలోపే కనిపిస్తాయి.

1943లో మనోవైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం పుట్టుకతో వచ్చినదన్నాడు. ఆ తరువాత చాలాకాలం నింద తల్లుల మీద పడింది. 1964లో మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ దాన్ని ఖండించి చర్చను మళ్లీ మెదడు వైపు తిప్పాడు. 1988లో హార్విట్జ్ బృందం పెట్ స్కాన్‌తో 14 మంది పురుషులను పరీక్షించి, మెదడు ముందుభాగానికీ పార్శ్వభాగానికీ పొంతన తగ్గిందని చూపింది. 2004లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మార్సెల్ జస్ట్ బృందం వాక్యాలు చదివి అర్థం చేసుకోగలవారిని పరీక్షించి 'తక్కువ అనుసంధానం' సిద్ధాంతాన్ని ప్రతిపాదించింది. మాటలే రాని రెండేళ్ల బిడ్డకు ఆ పరీక్షలో చోటు ఉండే వీలే లేదు.

అసలు చిక్కు కొలతలోనే ఉంది. ఫంక్షనల్ ఎంఆర్‌ఐ నాడీతంతువులను చూడదు. రెండు చోట్ల రక్తంలోని ఆక్సిజన్ ఒకే లయలో పెరిగి తగ్గుతోందా అన్నదే లెక్కిస్తుంది. స్కానర్‌లో తల ఒక మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా ఆ లెక్క మారుతుంది. 2012లో మూడు అమెరికన్ బృందాలు విడివిడిగా ఈ సంగతి బయటపెట్టాయి. తల కదిలితే దూరపు సంబంధాలు బలహీనంగా, దగ్గరివి బలంగా కనిపిస్తాయి. ఆటిజం గురించి చెబుతూ వచ్చిన చిత్రం కూడా అచ్చంగా ఇదే. పిల్లలు, అందులోనూ ఆటిజం ఉన్న పిల్లలు, స్కానర్‌లో కదలకుండా ఉండడం కష్టం. 2014లో కాల్టెక్ పరిశోధకులు కదలికను జాగ్రత్తగా అదుపు చేసి చూస్తే, ఆటిజం ఉన్న పెద్దవాళ్ల అనుసంధానం చాలావరకు ఇతరులలాగే ఉంది.

అంతమాత్రాన అనుసంధానం మాటే అబద్ధమనడం తొందరపాటు. తల కదలిక తగ్గే సహజ నిద్రలో చేసిన స్కాన్లూ ఉన్నాయి. 2011లో ఇలాన్ డైన్‌స్టీన్ బృందం నిద్రలో ఉన్న చిన్నపిల్లలను పరీక్షించింది. ఆటిజం ఉన్నవారిలో భాషకు సంబంధించిన ప్రాంతాల్లో మెదడు కుడి ఎడమ అర్ధభాగాల లయ సరిగా కలవలేదు. ఆ లయ ఎంత బలంగా ఉంటే భాషా సామర్థ్యం అంత మెరుగ్గా ఉంది.

వయసు లెక్కలోకి రాగానే 'ఎక్కువ', 'తక్కువ' అన్న మాటలే తడబడతాయి. 2012లో వుల్ఫ్ బృందం, ఆటిజం ఉన్న అక్కో అన్నో కలిగిన 92 మంది శిశువులను రెండేళ్ల వయసు వరకు గమనించింది. వారిలో 28 మందికి తరువాత ఆటిజం లక్షణాలు తేలాయి. ఆరు నెలల వయసులో వీరి నాడీతంతు మార్గాల అమరికను తెలిపే సూచిక మిగతావారికంటే ఎక్కువ. దాని పెరుగుదల నెమ్మదించి, రెండేళ్లు నిండేసరికి అదే సూచిక తక్కువైంది. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులకు బడిపిల్లల్లో అతి అనుసంధానం కనిపించింది. ఏ వయసులో కొలిచారో చెప్పని వాక్యానికి ఇక్కడ విలువ తక్కువ.

ప్రస్తుత ఉత్సాహమంతా ముందస్తు గుర్తింపు మీద ఉంది. 2017లో ఎమర్సన్ బృందం 59 మంది ఆరు నెలల శిశువుల స్కాన్లను కంప్యూటర్‌కు ఇస్తే, తరువాత ఆటిజం నిర్ధారణైన 11 మందిలో 9 మందిని అది పట్టుకుంది. అయితే 11 మంది చాలా చిన్న సంఖ్య. పైగా వీరంతా ఆటిజం ఉన్న తోబుట్టువు కలిగినవారే. ఆ ఫలితాన్ని ప్రతి పసిబిడ్డకూ పరీక్షగా ప్రచారం చేయడం తల్లిదండ్రులకు అన్యాయం. ఇంతకన్నా నమ్మదగిన దారి, మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీ పరిశోధనల్లో కనిపిస్తోంది. 14 నెలల శిశువుల్లో 2014లో చూసిన అతి అనుసంధానాన్ని 2019లో మరో గుంపులో వెతికితే, ఆటిజం వచ్చినవారికీ రానివారికీ మధ్య తేడా తేలలేదు. కానీ ఆటిజం వచ్చిన పిల్లల్లో ఆ అనుసంధానం ఎంత ఎక్కువో, మూడేళ్లకు పదేపదే చేసే చేష్టలు అంత ఎక్కువ. ఆ సంబంధం మాత్రం రెండోసారీ నిలిచింది.